మొక్కల వాసనలతో పురుగును ఆపొచ్చా? ఆరేళ్ళు వాడి చూశాక చెబుతున్నా

మీ ప్రశ్న పెద్దదే, కుదించి చెబితే ఇదీ సంగతి. నెట్‌హౌస్‌లో టమాటా వెయ్యబోతున్నారు, నారు ఇంకా ట్రేల్లోనే ఉంది. ఒక మొక్కను పురుగు కొరికితే అది వదిలే వాసనను పట్టుకుని పక్క మొక్కలు ముందే జాగ్రత్త పడతాయని ఎక్కడో చదివారు. ఆ వాసనల్నే సీసాలో కొనితెచ్చి కొడితే మొక్కలు తమను తామే కాపాడుకుంటాయా, పురుగుమందు పూర్తిగా మానెయ్యొచ్చా, రెండూ కలిపి కొట్టొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తున్నా: విషయం నిజమే, కానీ మందు మానేసేంత బలం దానికి లేదు. పురుగు రాకముందు, నారు దశలో వాడితే ఉపయోగం కనిపిస్తుంది. పురుగు పట్టాక కొడితే డబ్బు దండగ. మీకు ప్రధానంగా తెల్లదోమ బెడద అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఒక్కోసారి అది ఎదురు తిరుగుతుంది. ఎందుకో కింద రాస్తాను. నేను దీన్ని నీడ వలల కింద టమాటాలోనూ, ఆరుబయట మొక్కజొన్నలోనూ ఆరు సీజన్లు వాడాను. అందులో రెండు సీజన్లు నన్ను నేను మోసం చేసుకున్నవే, ఆ సంగతీ చెప్తాను.

ముందు ఈ వాసన అంటే ఏమిటో ఒకసారి చూద్దాం, అది తెలియకుండా సీసా కొంటే లాభం లేదు. గడ్డి కోస్తుంటే గుప్పున వచ్చే పచ్చి వాసన ఉంటుంది కదా, అదే మొదటి కబురు. ఆకు తెగిన క్షణాల్లోనే ఆకులోని కొవ్వు ఆమ్లాలు విరిగి హెక్సెనల్, హెక్సెనాల్ లాంటి ఆరు కార్బన్ల చిన్న అణువులుగా గాలిలోకి పోతాయి. ఇది ఎవరు కోసినా వస్తుంది, కత్తెరైనా, మేకైనా, పురుగైనా. రెండో కబురు నిదానంగా, కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. అందులో టెర్పీన్లు, ఇండోల్ లాంటివి ఉంటాయి, ఇది మాత్రం కొరికింది ఎవరన్నదాన్ని బట్టి మారుతుంది. 1990లో టర్లింగ్స్, టమ్లిన్సన్ బృందం మొక్కజొన్న మొలకల మీద ఇదే చూపించింది. ఉత్తినే గాయం చేస్తే మొక్క పెద్దగా పట్టించుకోలేదు, అదే గాయం మీద గొంగళి పురుగు ఉమ్మి రాస్తే టెర్పీన్లు బాగా వదిలింది, ఆ వాసన పట్టుకుని పురుగులో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు వచ్చాయి. ఆ ఉమ్మిలోని పదార్థం ఏదో 1997లో తేల్చారు, దానికి వోలిసిటిన్ అని పేరు పెట్టారు.

అంటే ఈ కబురు వినేవాళ్ళు రెండు రకాలు. ఒకటి పక్క మొక్కలు (అదే మొక్కలోని పక్క కొమ్మలు కూడా). రెండోది మిత్ర పురుగులు. సీసా కొనేముందు మీరు ఎవరికి కబురు పంపాలనుకుంటున్నారో తేల్చుకోండి, ఎందుకంటే ఈ రెంటికీ పదార్థాలు వేరు, వాడే పద్ధతి వేరు, విఫలమయ్యే తీరు కూడా వేరు. మొక్కను సిద్ధం చెయ్యడానికి ఎక్కువగా పరీక్షించినవి మిథైల్ జాస్మోనేట్, సిస్-జాస్మోన్. మిత్ర పురుగుల్ని పిలవడానికి ఎక్కువగా అమ్ముడయ్యేది మిథైల్ శాలిసిలేట్. ఈ చివరిది మీకు తెలిసిన వాసనే, నొప్పుల బామ్ మూత తీస్తే ముక్కు పట్టేసేది అదే. మిథైల్ జాస్మోనేట్ కూడా పరాయిదేం కాదు, దాన్ని మొదట 1962లో జాజిపూల నూనెలోంచే వేరు చేశారు.

మొక్కలు వాసన వింటాయి అన్న మాటను చాలాకాలం ఎవరూ నమ్మలేదు. 1983లో ఒకరు విల్లో చెట్ల మీద, ఇంకో ఇద్దరు పోప్లార్, మేపుల్ మొక్కల మీద ఈ సంగతి రాస్తే, లెక్కలు సరిగా లేవు, వేరే కారణాలు ఉండొచ్చు అని గట్టిగా విమర్శలు వచ్చాయి. ఆ విమర్శల్లో న్యాయం లేకపోలేదు. 1990లో ఫార్మర్, రయాన్ అనే ఇద్దరు మిథైల్ జాస్మోనేట్ ఎక్కువగా వదిలే సేజ్‌బ్రష్ (అమెరికా బీళ్ళలో పెరిగే ఘాటు వాసన పొద) కొమ్మల్ని, టమాటా మొక్కల్ని ఒకే మూసిన గదిలో పెట్టారు, ఒకదానికొకటి తగలకుండా. టమాటా ఆకుల్లో పురుగు పొట్టలోని జీర్ణరసాల్ని అడ్డుకునే ప్రోటీన్లు పెరిగాయి. ఇక 2023లో జపాన్‌లోని సైతామా విశ్వవిద్యాలయం వాళ్ళు ఏకంగా దాన్ని కెమెరాకే పట్టించారు. కణాల్లో కాల్షియం పెరిగితే (కబురు అందిందనడానికి అదే గుర్తు) మెరిసేలా మార్చిన మొక్క మీదికి, లద్దె పురుగులు తింటున్న ఆకుల మీద నుంచి గాలి పంపారు. ఆకు మెరిసింది. ముందు పత్రరంధ్రాల దగ్గరి కణాలు, ఆ తర్వాత లోపలి కణాలు. పత్రరంధ్రాల్ని ముందే మూయించిన మొక్కల్లో స్పందన మందగించింది. ఇది నాకు చాలా పనికొచ్చిన ముక్క, ఎందుకంటే మిట్టమధ్యాహ్నం ఎండకు వాడి రంధ్రాలు మూసుకున్న మొక్కల దగ్గర వాసన సంచులు (వాసనను మెల్లగా వదిలే చిన్న పొట్లాలు) వేలాడదీసి ఏం లాభమని అప్పుడు అనిపించింది. ఇది నా ఊహే అనుకోండి, కానీ అప్పటి నుంచి నీళ్ళు బాగా తాగి తాజాగా ఉన్న నారుకు, పొద్దున పూటే ఈ పని చేస్తున్నాను.

సరే, కబురు అందాక మొక్క ఏం చేస్తుంది? చాలామంది ఇక్కడే పొరబడతారు, వెంటనే విషం తయారు చేసుకుని కూర్చుంటుంది అనుకుంటారు. ఎక్కువ సందర్భాల్లో అది చేసేది సన్నద్ధం కావడం మాత్రమే. నడుం బిగించి నిలబడుతుంది, దెబ్బ మాత్రం వెయ్యదు. పురుగు నిజంగా వచ్చి కొరికినప్పుడు మామూలు మొక్క కంటే త్వరగా, ఎక్కువగా స్పందిస్తుంది. మొక్కజొన్నలో పచ్చివాసన తగిలిన మొలకలు తర్వాత పురుగు ఉమ్మి తగలగానే జాస్మోనిక్ ఆమ్లాన్నీ (మొక్కలో రక్షణను నడిపే హార్మోను, మిథైల్ జాస్మోనేట్ దీని గాలిలో కలిసే రూపమే) టెర్పీన్లనూ ఎక్కువగా తయారు చేశాయని 2004లో చూపించారు. టమాటాలో ఇంకో చిత్రం ఉంది. పొగాకు లద్దె పురుగు తిన్న మొక్కలు వదిలే హెక్సెనాల్‌ను పక్క టమాటా మొక్క పీల్చుకుని, దానికి చక్కెర అణువులు తగిలించి, పురుగు ఎదుగుదలను దెబ్బతీసే పదార్థంగా మార్చుకుంటుంది. 2014లో జపాన్ పరిశోధకులు రాశారు. పక్కింటివాడు పారేసిన వాసనతోనే ఆయుధం చేసుకోవడమన్నమాట. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, మీరు నవ్వుకున్నా సరే.

ఈ సన్నద్ధం అన్న మాటలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. కబురు ముందు రావాలి, శత్రువు తర్వాత రావాలి. శత్రువు ఇంట్లో దూరాక కబురు చెప్తే ఏం లాభం? ఆకు వెనక లద్దె పురుగు గుడ్ల కుప్ప పగిలి పిల్లలు జల్లెడ పట్టేస్తుంటే, మొక్కకు మీరు చెప్పాల్సిన కొత్త సంగతి ఏమీ లేదు, అది ఆ వాసనలోనే మునిగి ఉంది. అలాగే కబురు వచ్చి ఎన్నాళ్ళయినా శత్రువు రాకపోతే ఆ సన్నద్ధత సడలిపోతుంది. నా అనుభవంలో నారు మీద ఒకసారి చేసినదాని ప్రభావం నాటాక రెండు వారాలు దాటి కనిపించలేదు. విత్తనానికే జాస్మోనిక్ ఆమ్లం పట్టిస్తే టమాటా మొక్కల్లో వారాల తర్వాత కూడా రక్షణ నిలిచిందని 2012లో ఒక పరిశోధన వచ్చింది, నేను విత్తనం మీద చేసి చూడలేదు కాబట్టి దానిమీద ఎక్కువ మాట్లాడను.

ఇప్పుడు నేను చేసింది చెప్తా. ట్రేల్లో నారు మూడు, నాలుగు ఆకుల దశలో ఉన్నప్పుడు, నాటడానికి వారం పది రోజుల ముందు, మిథైల్ జాస్మోనేట్ ఒక్కసారి పిచికారీ. పరిశోధనల్లో తరచూ కనిపించే మోతాదు 1 మిల్లీమోలార్ లేదా అంతకన్నా తక్కువ, అంటే లీటరు నీటికి సుమారు 0.22 గ్రాములు. అంత తక్కువా అనిపిస్తుంది, కానీ ఇది మొక్కకు హార్మోను లాంటిది, ఎరువు కాదు. నీళ్ళలో సరిగా కలవదు, నూనెలా విడిగా ఉండిపోతుంది. కొద్దిగా ఇథనాల్‌లో కరిగించి ఆ తర్వాత నీళ్ళలో పోసి బాగా కలియబెట్టాలి. ఇలా చెయ్యక మొదటిసారి నా స్ప్రేయర్‌లోంచి ముందు పలచటి నీళ్ళు పోయి చివర్లో చిక్కటిది వచ్చింది, ఆ చివరి నాలుగు ట్రేలు ఎండిపోయినంత పని అయింది. మీ ప్రాంతంలో టమాటా మీద వాడకానికి అనుమతి ఉన్న తయారీ దొరికితే దానిమీద రాసిందే పాటించండి, నా లెక్క కాదు.

ఫలితం? నాటాక మొదటి రెండు వారాల్లో ఆకు తినే పురుగుల గాట్లు కంటికి తెలిసేంత తక్కువ. ఆ తర్వాత తేడా పోయింది. ఇంకో విషయం, ఆ మొక్కలు కొద్దిగా కురచగా ఉండి, పూత మూడు నాలుగు రోజులు ఆలస్యమైంది. ఇది నా ఒక్కడి అనుభవం కాదు. జాస్మోనేట్‌కు మూల్యం ఉంటుంది. మొక్క దగ్గరున్న పెట్టుబడి ఒకటే, రక్షణకు పెడితే పెరుగుదలకు తగ్గుతుంది. టమాటాకు జాస్మోనిక్ ఆమ్లం పదే పదే కొడితే కాయల సంఖ్య, గింజల సంఖ్య తగ్గాయన్న పరిశోధన ఉంది. అసలు మిథైల్ జాస్మోనేట్ గురించి 1980లో జపాన్‌లో తెలుసుకున్న సంగతే అది ఆకుల్ని త్వరగా పండబారుస్తుందని. నేను రెండో ఏడు తెలివి మీరి పూత దశలో ఇంకోసారి కొట్టాను, ఒకసారికి ఇంత పనిచేస్తే రెండుసార్లకు ఎంత పనిచేస్తుందో అని. కింది ఆకులు పసుపు పట్టాయి, పూత రాలింది. పురుగు చేసే నష్టం కంటే నేను చేసిన నష్టమే ఎక్కువ. పురుగు ఒత్తిడి తక్కువగా ఉండే కాలంలో, మొక్క పెరుగుదలే డబ్బయిన చోట ఇది అసలు వాడకూడదనేది నా అభిప్రాయం. సిస్-జాస్మోన్ ఇంకాస్త మెత్తనిది. 2000 ప్రాంతం నుంచి ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళు గోధుమ మీద కొట్టి చూస్తే పేనుబంక తక్కువగా చేరింది. నాకు అది మంచి సరుకు దొరకలేదు, వాడిన ఒక్క సీజన్‌తో తీర్పు చెప్పలేను.

ఇక తెల్లదోమ. మీరు టమాటా అన్నారు కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి. మొక్కలో రక్షణకు స్థూలంగా రెండు దారులున్నాయి. నమిలి తినే పురుగులకు జాస్మోనిక్ దారి, చాలా రకాల తెగుళ్ళకు శాలిసిలిక్ దారి. చాలా మొక్కల్లో ఒకటి తెరుచుకుంటే రెండోది కొంత మూసుకుంటుంది. తెల్లదోమ ఈ కిటుకును వాడుకుంటుంది. అది పట్టిన టమాటా మొక్క వదిలే వాసన పక్క టమాటాల్లో శాలిసిలిక్ దారిని తెరిపించి జాస్మోనిక్ దారిని అణిచేస్తుందని, దాంతో పక్క మొక్కల మీద తెల్లదోమ ఇంకా బాగా వృద్ధి చెందుతుందని 2019లో తేలింది. అంటే మొక్కకు అందేది తప్పుడు కబురు. తెగులు వస్తోంది అనుకుని తలుపు ఒకవైపు గడియ పెట్టుకుంటే దొంగ రెండోవైపు నుంచి వస్తాడు. అందుకే "దెబ్బతిన్న మొక్కల వాసన పక్క మొక్కలకు మంచిది, అలాగే వదిలెయ్యండి" అని ఎవరైనా చెప్తే వినకండి. తెల్లదోమ పట్టిన ఆకుల్ని కోసి అక్కడే సాళ్ళ మధ్య పడెయ్యడం నేనూ చేసేవాణ్ణి, ఇప్పుడు సంచిలో వేసి మూతి కట్టి బయటికి పంపిస్తాను. పురుగు వ్యాపించకుండా ఉండడానికైనా అది చెయ్యాల్సిందే.

రెండో రకం వినేవాళ్ళ దగ్గరికి వద్దాం, మిత్ర పురుగులు. ఇక్కడ ఆరుబయట జరిగిన గట్టి రుజువులు ఉన్నాయి. 2001లో కెస్లర్, బాల్డ్విన్ అనే పరిశోధకులు అమెరికాలోని యూటాలో అడవి పొగాకు మొక్కల మీద ఈ వాసనల్ని విడివిడిగా పెట్టి చూశారు. పెద్దకళ్ళ నల్లి వచ్చి పురుగు గుడ్లను తినెయ్యడం పెరిగింది, మరోపక్క తల్లి రెక్కల పురుగులు గుడ్లు పెట్టడం తగ్గింది. రెండూ కలిస్తే పురుగుల సంఖ్య 90 శాతం పైగా తగ్గే వీలుందని లెక్కగట్టారు. అంతకు రెండేళ్ళ ముందు, 1999లో, టమాటా పొలంలో జాస్మోనిక్ ఆమ్లం కొట్టిన మొక్కల మీద పరాన్నజీవి కందిరీగల బారిన పడ్డ గొంగళి పురుగులు రెట్టింపయ్యాయని జెన్నిఫర్ థేలర్ అనే పరిశోధకురాలు రాసింది. ఇవి చదివి నాలాంటివాళ్ళు చాలామంది వెర్రి ఎత్తిపోయి మిథైల్ శాలిసిలేట్ సంచులు కొన్నారు.

నా సంచుల కథ వినండి. సంచుల చుట్టూ ఎవరెవరు వస్తున్నారో లెక్కపెడదామని పక్కనే పసుపు జిగురు అట్టలు పెట్టాను. పేనుబంకను తినే అల్లిక రెక్కల పురుగులు, అక్షింతల పురుగులు నిజంగానే ఎక్కువ వచ్చాయి, నాకు సంబరం. కానీ పేనుబంక తగ్గలేదు. మూడు వారాలు తల పట్టుకున్నాక ఒక పాత మిత్రుడు వచ్చి చూసి ఒకే ఒక్క మాటన్నాడు, "పిలిచి మరీ జిగురుకు అంటిస్తున్నావు కదరా" అని. అంతే. పిలిచినవాళ్ళను పిలిచినట్టే చంపుకున్నాను. ఇప్పుడు అట్టలు సంచులకు దూరంగా, తలుపుల దగ్గర మాత్రమే పెడతాను. ఇంకో సంగతి, మీది నెట్‌హౌస్. బయటి మిత్ర పురుగులు లోపలికి ఎలా వస్తాయి? సన్నరంధ్రాల వల తెల్లదోమను ఆపేదైతే అల్లిక రెక్కల పురుగును కూడా ఆపుతుంది. కాబట్టి పిలుపు వాసన మీకు పెద్దగా పనికిరాదు, మీరే కొని లోపల వదులుకుంటే తప్ప. ఆరుబయటైనా సరే, చుట్టూ అంతా ఒకే పంట ఉండి గట్ల మీద పూలమొక్క ఒక్కటీ లేకపోతే, పిలిస్తే పలకడానికి అక్కడ ఎవరుంటారు? వచ్చినవాళ్ళకు తినడానికి ఏమీ లేకపోతే ఎన్నాళ్ళుంటారు? ఒకటి రెండుసార్లు మోసపోయాక కందిరీగలు ఆ వాసనను పట్టించుకోవడం మానేస్తాయి కూడా, వాటికి నేర్చుకునే గుణం ఉంది.

ఉత్తుత్తి కబురు గురించి ఎంత చెప్పినా తక్కువే. రోథమ్‌స్టెడ్‌లోనే 2012, 2013లో ఒక గోధుమ రకాన్ని పొలంలో పరీక్షించారు. పేనుబంక ప్రమాదంలో ఉన్నప్పుడు తోటివాటికి వదిలే హెచ్చరిక వాసన ఫార్నెసీన్ ఉంటుంది, దాన్ని మొక్కే తయారు చేసేలా జన్యువులు మార్చారు. ప్రయోగశాలలో పేనుబంక పారిపోయింది, పొలంలో మాత్రం తేడా లేదు. ఆ రెండేళ్ళు పేనుబంక తక్కువగా ఉండటం ఒక కారణం కావొచ్చు. కానీ ఆ బృందమే చెప్పిన ఇంకో కారణం నాకు ఎక్కువ నచ్చుతుంది: నిజమైన హెచ్చరిక ఒక్క కుదుపులా వస్తుంది, ఈ మొక్క మాత్రం పొద్దస్తమానం అదే వాసన వదిలింది. నాన్నా పులి కథే. అందుకే నెలల తరబడి ఒకే తీరుగా వాసన వదిలే సంచిని చూస్తే నాకు ఇప్పటికీ అనుమానమే.

మీరు అడగలేదు గానీ రకం ఎంపిక మీద ఒక మాట. కబురు పంపే గుణం అన్ని రకాల్లోనూ ఒకేలా ఉండదు. కాండం తొలుచు పురుగు గుడ్లు పెట్టగానే కొన్ని నాటు మొక్కజొన్న రకాలు కందిరీగల్ని పిలిచే వాసన వదిలాయి, పరీక్షించిన వాణిజ్య హైబ్రిడ్లు వదల్లేదు, 2011లో ఆఫ్రికాలో చేసిన పని ఇది. అలాగే మొక్కజొన్న వేరును పురుగు తింటే వేరు వదిలే కారియోఫిల్లీన్ వాసనకు మట్టిలోని మేలుచేసే నులిపురుగులు వస్తాయి. అమెరికా రకాల్లో చాలావాటికి ఆ గుణం పోయింది. 2009లో ఓ పరిశోధకుల బృందం ఒరెగానో జన్యువు పెట్టి దాన్ని తిరిగి తెప్పించింది. దిగుబడి చూసి ఎంచుకుంటూ పోతే మధ్యలో మొక్క గొంతు పోయిందన్నమాట. గొంతు లేని రకానికి పైనుంచి ఎంత వాసన కొట్టినా అంతంతమాత్రమే.

రైతుల స్థాయిలో పెద్ద ఎత్తున నిలబడింది ఏదైనా ఉందా అంటే, సీసాలో వాసన కాదు, పక్కన వేసే మొక్క. కెన్యాలో ఇసిపె అనే కీటకాల పరిశోధన సంస్థ, రోథమ్‌స్టెడ్ కలిసి 1990ల నుంచి నడిపిన పుష్-పుల్ పద్ధతి చూడండి. మొక్కజొన్న సాళ్ళ మధ్య డెస్మోడియం అనే చిక్కుడు జాతి మేత మొక్క, చుట్టూ నేపియర్ గడ్డి. డెస్మోడియం పురుగును బయటికి నెడుతుంది, నేపియర్ తనవైపు లాగుతుంది. నేపియర్ మీద గుడ్లు పెట్టిన కాండం తొలుచు పురుగు పిల్లలు చాలావరకు బతకవు, అది జిగురు వదిలి వాటిని ముంచేస్తుంది. పైగా డెస్మోడియం వేర్లు స్ట్రైగా అనే పరాన్న కలుపును అణుస్తాయి, పశువులకు మేత కూడా వస్తుంది. రైతు దాన్ని వదలకపోవడానికి పురుగు కంటే ఈ కలుపు, మేతే పెద్ద కారణమని నేననుకుంటాను. నిజానికి డెస్మోడియం వాసనే పురుగును తరుముతుందా, లేక దాని ఆకుల మీది కొక్కేల్లాంటి నూగులో చిక్కుకుని పిల్ల పురుగులు చస్తున్నాయా అని ఈమధ్య పరిశోధకుల మధ్య వాదన నడుస్తోంది. పొలంలో పనిచేస్తుంటే రైతుకు ఏదైనా ఒకటే, కానీ వాసన అని చెప్పి సీసా అమ్మేవాడికి మాత్రం ఈ తేడా ముఖ్యం.

చెప్తానన్న మోసం సంగతి. మొదటి ఏడు పక్కన పోలిక మొక్కలు లేకుండానే అంతటా కొట్టేసి, పురుగు తక్కువుంది కాబట్టి పనిచేసింది అని అందరికీ చెప్పాను. ఆ ఏడు పురుగు అందరికీ తక్కువే. రెండో ఏడు బుద్ధి తెచ్చుకుని పక్కపక్కనే రెండు మడులు పెట్టాను, ఒకదానికి కొట్టి ఒకదానికి కొట్టకుండా. రెండిట్లోనూ ఒకే ఫలితం! పనిచెయ్యలేదు అని తేల్చేశాను. తర్వాత తట్టింది, మడుల మధ్య దూరం ఒక మీటరు, మూసిన వలల కింద, వాసన రెంటికీ వెళ్ళింది. సేజ్‌బ్రష్ మీద చేసిన పనిలో మొక్క నుంచి మొక్కకు కబురు సుమారు 60 సెంటీమీటర్ల వరకు అందింది, అది ఆరుబయట గాలిలో. మూసిన చోట అది ఎంత దూరం పోతుందో గాలి తిరిగేదాన్ని బట్టి ఉంటుంది. పోలిక మొక్కల్ని వేరే గదిలోనో, గాలికి ఎదురువైపు బాగా దూరంగానో పెట్టండి, వాటికీ ఇథనాల్ కలిపిన నీళ్ళు మాత్రం కొట్టండి, లేకపోతే ఇథనాల్ చేసిన పని కూడా వాసన ఖాతాలో పడుతుంది. గాలిలో ఓజోన్ ఎక్కువగా ఉండే చోట్ల ఈ అణువులు త్వరగా విరిగిపోయి కబురు తక్కువ దూరమే వెళ్తుంది, అలాంటి చోట పొలం ఉన్నవాళ్ళు దీన్నీ లెక్కలో పెట్టుకోవాలి.

ఇంట్లో ఆకులు నూరి ఆ రసం కొడితే ఇదే పని జరగదా అని నన్ను చాలామంది అడుగుతారు. నూరుతుండగానే పచ్చివాసన అంతా గాలికి పోతుంది, వడకట్టి డబ్బాలో పోసేసరికి మిగిలేది వేరే రసం. అది పురుగు మీద వేరే రకంగా పనిచేస్తే చెయ్యొచ్చు, మొక్కకు కబురు పంపడం మాత్రం కాదు. పైగా పచ్చివాసనను శత్రువులూ వింటాయి. దెబ్బతిన్న ఆకుల వాసన పట్టుకుని పంట వెతుక్కునే పెంకు పురుగులు చాలా ఉన్నాయి, కొలరాడో బంగాళదుంప పెంకు పురుగు అందుకు పేరుమోసింది. పుదీనా లాంటి ఘాటు మొక్కల్ని దగ్గర్లో పెంచితే సోయా వంటి మొక్కలు సన్నద్ధమయ్యాయని జపాన్‌లో చూశారు. ఖర్చు లేని పని కాబట్టి చేసి చూడండి, నేనూ నారుమడి చుట్టూ కుండీల్లో పెడతాను, ఫలితం ఇంత అని గట్టిగా చెప్పలేను.

పురుగుమందుతో కలిపి కొట్టొచ్చా అన్నారు. ఒకే డబ్బాలో కలపకండి. నారు మీద వాసన, ఆ తర్వాత అవసరమైతే మందు, ఈ వరుస పర్లేదు. కానీ అన్ని పురుగుల్నీ చంపే రకం మందు కొట్టి, అదే వారం మిత్ర పురుగుల్ని పిలిచే సంచి వేలాడదీస్తే, నా జిగురు అట్టల కథ పెద్ద ఎత్తున మళ్ళీ జరుగుతుంది. ఎంచి చంపే మందులు వాడండి, పురుగు లెక్క హద్దు దాటితేనే వాడండి.

మీ నారు ట్రేల్లోనే ఉందన్నారు కాబట్టి ఈసారికి ఇలా చెయ్యండి. మొత్తం మీద కొట్టకండి. పది ట్రేలుంటే రెండు తీసి వేరే చోటికి మార్చి, తక్కువ మోతాదులో, పొద్దున పూట, నాటడానికి వారం ముందు ఒక్కసారి కొట్టండి. ఆకులు ఆరాక ఒకటి రెండు రోజులు అక్కడే ఉంచి ఆ తర్వాత తీసుకురండి. నాటేటప్పుడు ఆ మొక్కల్ని ఒక చివర, మిగతావాటికి గాలి అటునుంచి రాని వైపు పెట్టి, రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. మూడు రోజులకోసారి ఒక్కో వైపు ఇరవై మొక్కలు చూసి, కొరికిన ఆకులెన్ని, తెల్లదోమ ఎంత, మొదటి పూత ఏ రోజు వచ్చింది, ఈ మూడూ విడివిడిగా రాసుకోండి. తెల్లదోమ గుర్తు కట్టిన వైపే ఎక్కువ కనిపిస్తే రెండోసారి కొట్టే ఆలోచన వదిలేసి, ముందు వల చిరుగులూ తలుపు సందులూ చూసుకోండి. నెల తర్వాత ఆ అంకెలు ఇక్కడే పెడితే కలిసి చూద్దాం.